వంతు నీళ్ల అల

"అమ్మా, అల లేదు!"

శ్రుతి ఆ మాట అన్న తీరుకు, దాన్నెవరో ఎత్తుకుపోయారేమోనని సౌందర్య కాలువ గట్టు అటూ ఇటూ చూసింది.

పోయిన ఆదివారం ఉంది. సిరిగేరి దగ్గర ఈ చిన్న వంతెన కింద, కాలువ అడుగున ఒక మెట్టుంది. దాన్ని దాటగానే నీళ్లు పైకి లేచి, ఎక్కడికీ పోకుండా ఒకేచోట అలగా నిలబడ్డాయి. బళ్లారికి సముద్రం ఇంతకన్నా దగ్గరికి రాదని శ్రుతి ఆ రోజే తేల్చేసింది.

ఇప్పుడక్కడ తొడలోతు నీళ్లు, బడికి పోయే పిల్లల్లా బుద్ధిగా పోతున్నాయి.

సాయంత్రం ఆరులోపల వీడియో పంపాలి. అందులో బోర్డు పైకి లేచి, ఇరవై సెకన్లు నీళ్లకు తగలకుండా నిలవాలి. అప్పుడే మంగళూరు శిక్షణ శిబిరంలో చోటు. వచ్చే ఏడాది చూద్దామంటే శ్రుతికి వయసు దాటిపోతుంది.

టైము మూడు.

అది మామూలు బోర్డు కాదు. కింద మూరన్నర కడ్డీ, దాని చివర విమానానికి ఉన్నట్టు రెక్క. రెక్క నీళ్లలో పరుగెత్తితే బోర్డు గాల్లోకి లేస్తుంది. లారీల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, ఈ పిల్ల చక్రాల్లేని బండి కొనిపించుకుంది.

శ్రుతి హెల్మెట్టు, లైఫ్ జాకెట్టు వేసుకుని దిగింది. నిలబడి తెడ్డు వేసింది.

టక్కుమని రెక్క అడుగున రాయికి తగిలింది. పిల్ల ముందుకు, బోర్డు వెనక్కు.

"లోతు సాల్దు పాపా."

గట్టు మీద ఒక పెద్దాయన. బనియను, భుజాన తువ్వాలు, చేతిలో పాత సైకిలు.

'కాలువలో దిగరాదు' అన్న బోర్డుకే సౌందర్య తన గొడుగు తగిలించి ఉంచింది. ఈయన పోయి ఎవరికైనా చెబితే?

డబ్బా మూతలో ఉగ్గాని పెట్టి, పైన రెండు మిరపకాయ బజ్జీలుంచి అందించింది. నోట్లో బజ్జీ ఉన్న మనిషి ఫిర్యాదు చేయడని ఆమె అనుభవం.

"తినప్పా. తిని నీ పని సూసుకో."

ఆయన తింటూనే వంగి, ఎడమచేతి జానతో కడ్డీని కొలిచాడు.

"ఏంది పాపా ఇది? విమానాన్ని తిరగేసినట్లుండాది."

"ఇది నీళ్ల కింద ఎగుర్తాది తాతా. నేను పైన ఎగుర్తా!"

"మనిషి? నిజంగా?"

"అడుగెత్తు! అల ఉంటే చాలు."

ఆయన చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది.

"నీళ్లు పోయేది శానా సూసినా. నీళ్ల మింద మనిషి ఎగిరేది సూళ్లేదు."

"పోయిన వారం అల ఉన్నింది తాతా. యాడికి పోయింది?"

"ఇది సముద్రం గాదు గదమ్మా, వంతు నీళ్లు, టైము ప్రకారం ఇడుస్తారు. ఈ పొద్దు ఈ పక్క వంతు ఆరు గంటలకు."

"ఆరుకా!" శ్రుతి గట్టు మీద కూలబడింది. "అప్పటికి అంతా అయిపోతాది తాతా."

"ఎంత నీళ్లు గావాల?"

"ఛాతీ దాకా."

సౌందర్యకు నవ్వాగలేదు. "ఏమప్పా, పాలు పోసినట్ల కొలిచి పోస్తావా?"

ఆయన నవ్వలేదు. మూత కడిగి ఇచ్చి, సైకిలెక్కాడు.

"నాలుగుకు రెడీగా ఉండు పాపా. అల వంతెన కిందే గాదు, దాటినాక పది అడుగుల కాడ లేస్తాది. ఆ జాకెట్టు విప్పొద్దు." రెండుసార్లు తొక్కి, వెనక్కి తిరిగాడు. "బజ్జీల్లో ఉప్పు సాల్దమ్మా."

"పెద్ద గంగమ్మకు అన్నలాగా మాట్లాడతాడు!" సౌందర్య గొణిగింది. "తిన్నదంతా తిని ఉప్పు గురించి ఒకటి!"

నాలుగుకు ఐదు నిమిషాలుండగా నీళ్ల మీద నురగ వచ్చింది. వెనకే గడ్డిపరకలు, ఎవరిదో ప్లాస్టిక్ చెంబు. గట్టు రాళ్లు ఒక్కొక్కటే మునిగాయి. మెట్టు దాటిన చోట నీళ్లు ఒళ్లు విరుచుకున్నట్టు లేచి, నిలబడ్డాయి.

"అమ్మా! అల!"

శ్రుతి దూకింది. ఒకసారి పడింది. రెండోసారి, మూడోసారి పడింది. చెంబు దిగువన కనపడకుండా పోయింది.

నాలుగోసారి బోర్డు వణికి, పైకి లేచింది.

కింద రెక్క, పైన పిల్ల, మధ్యలో ఖాళీ గాలి!

సౌందర్యకు కంగారు పుడితే చిన్నప్పటి కన్నడ బడి గుర్తొస్తుంది. "ఒందు, ఎరడు, మూరు..." ఫోను పట్టుకుని గట్టు మీదే గెంతుతోంది. "హద్నారు... హదినేళు... పడొద్దే, ఇంకొంచెమే! ఇప్పత్తు!"

ఇరవై మూడు దాటాక శ్రుతి పడింది, నవ్వుతూ.

వీడియో కొంచెం ఊగింది. సగం సౌందర్య కేకలే. అయినా ఐదూ పదికల్లా వెళ్లిపోయింది.

"అమ్మా, ఆ తాతకు చూపించాల. పాపం, సూళ్లేదు."

"పద. ఉప్పు సంగతి కూడా తేలుస్తా," అంది సౌందర్య. ఈసారి కోపంగా కాదు. మిగిలిన బజ్జీలన్నీ పొట్లం కట్టింది.

గట్టు మీదే కారులో కిలోమీటరు పైకి వెళితే కాలువ గేటు, పక్కన చిన్న గది. గోడకు అదే సైకిలు. గదికి తాళం వేస్తున్నాడో కుర్రవాడు, హంపేశ్ అట పేరు.

"ఈ సైకిలు పెద్దాయన యాడప్పా?"

"హులిగప్పనా? ఐదు గంటల తెక్కలకోట బస్సుకు పోయినాడక్కా. సైకిలు నాకే ఇచ్చేసినాడు."

"రేపొస్తాడా?"

"యాడొస్తాడక్కా! ఈ గేటు లష్కరుగా ఆయప్పకు ఈ పొద్దే ఆఖరు డ్యూటీ. కాలువలో దిగినోళ్లను తరిమేదీ ఆయప్పే, గేటెత్తేదీ ఆయప్పే, ముప్పై నాలుగేండ్లు."

పొట్లం సౌందర్య చేతిలోనే ఉంది.

"మినిస్టరు మనిషొచ్చి అడిగినా టైముకు ముందు నీళ్లు ఇడ్సలేదక్కా," అన్నాడు హంపేశ్. "ఈ పొద్దు ఎందుకో రెండు గంటలు ముందే గేటెత్తి, బస్సొచ్చే దాకా దానిమిందే నిలబడి వంతెన పక్కకే సూస్తా ఉన్నాడు, ఈడ్నించి ఏం కనపడతాదక్కా?"