రింగు తగ్గాలి

"అన్నా, చెవి పెట్టి విను. ఒక్కటే దెబ్బ."

శాలేమురాజు స్నేర్ డ్రమ్ నడిమధ్యన స్టిక్కుతో ఒక్కటిచ్చాడు. ఠంగుమని మోగి, ఆ మోత నాలుగు గోడలకీ తగిలి నిదానంగా చల్లారింది. చల్లారీ చల్లారకముందే నెత్తిమీద శ్లాబు ధనధనమంది.

"మొదలెట్టారు," అని తల పట్టుకున్నాడు వేదవ్యాస్. తెనాలిలో ఆ స్టూడియో అతనిదే. "పై వాటా వాళ్ళు. నేను ఈ కింది వాటాలో దిగి నెలయింది, రోజూ ఇదే దంచుడు. కారప్పొడి వ్యాపారమేమో మరి. వాళ్ళ మొహాలు కూడా చూళ్ళేదు."

"పోనీ ఓసారి వెళ్ళి చెప్పకపోయావా?"

"కొత్తగా వచ్చినవాణ్ణి, వాళ్ళ వంటింటి మీద నా పెత్తనమేంటి? సరేగానీ, మోత మాత్రం అదిరింది రాజూ!"

శాలేమురాజు మొహం వెలిగిపోయింది. రేపల్లె చర్చిలో ఎన్నాళ్ళ నుంచో వాయిస్తున్నా, స్టూడియోలో వాయించడం ఇదే మొదలు. బాపట్ల నుంచి సీతారామాంజనేయులు గారని ఒక నిర్మాత జానపద పాటల ఆల్బం చేయిస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ ఆయన్ని చూడలేదు, అంతా ఫోన్ల మీదే నడిచింది. ఇవాళ స్వయంగా వచ్చి డ్రమ్స్ వింటారు. నచ్చితే పాటలన్నిటికీ శాలేమురాజే. నచ్చకపోతే కంప్యూటర్లోంచి డ్రమ్స్ వేసుకుంటారు. అందుకే డ్రమ్ముల మీద తోలులా బిగించి ఉన్న పాత హెడ్లు పీకేసి, పల్చటి పొరతో గణగణమనే కొత్తవి బిగించాడు. పొద్దుటి నుంచి ఒక్కో మరా తిప్పుతూ, అంచు చుట్టూ తట్టి చూస్తూ, అన్ని వైపులా ఒకే స్వరం పలికేదాకా వదల్లేదు.

అంతలో తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. నలిగిన లాల్చీ, ఎర్రబడిన కళ్ళు. ఏదో అనబోతూ నోరు తెరిచాడు.

"రండి సార్, రండి! మీకోసమే చూస్తున్నాం," అంటూ వేదవ్యాస్ ఎదురెళ్ళి తన కుర్చీ లాగి వేశాడు. ఫోను తీసి స్విచాఫ్ చేశాడు. "డ్రమ్స్ ఎలా ఉండాలో మీరు చెప్పండి, అలా మార్చేస్తాం."

ఆయన తెరిచిన నోరు మూసి, ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "నేనెలా చెబితే అలానా?"

"మీ మాటే ఫైనల్ సార్. ప్రయాణం బాగా జరిగిందాండి?"

"నాకు ప్రయాణమేముంది బాబూ," అంటూ ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "ఏదీ, కొట్టు."

శాలేమురాజు దేవుణ్ణి తలుచుకుని కొట్టాడు. ఆయన కణతలు నొక్కుకున్నాడు.

"స్నేర్లో రింగు ఎక్కువైంది."

సంగతి తెలిసిన మనిషే అన్నట్టు వేదవ్యాస్ కళ్ళెగరేశాడు. శాలేమురాజు మరలు వదులు చేసి, హెడ్డు మీద టేపు అంటించి మళ్ళీ కొట్టాడు. పైన ధనధన.

"పైన ఎవరో దంచుతున్నారు సార్. ఏమీ అనుకోకండి."

"దంచనివ్వండి. వాళ్ళ బాధ వాళ్ళది," అన్నాడాయన. "అబ్బాయ్, ఈ హెడ్లు పనికిరావు. రెండు పొరలవి వెయ్యి, మోత చస్తుంది."

"చూశావా!" వేదవ్యాస్ డ్రమ్మర్ చెవిలో గుసగుసలాడాడు. "మొన్న ఫోన్లో ఈయనకి నేను అరిచి మరీ చెప్పిన మాటే, అక్షరం పొల్లు పోలేదు!"

ప్రేమగా బిగించుకున్న హెడ్లు విప్పుతుంటే శాలేమురాజుకి ప్రాణం ఉసూరుమంది. మందపాటివి బిగించాడు. అయినా బేస్ డ్రమ్ గుండెల్లో తగులుతోందన్నాడాయన. లోపల ఏదైనా కుక్కమన్నాడు. కుక్కడానికి ఏమీ లేదంటే, లేచి బయటికెళ్ళి, రెండు నిమిషాల్లో ఒక దిండూ బొంతా చంకన పెట్టుకుని వచ్చాడు.

"పెద్దవాళ్ళు అన్నీ కార్లోనే పెట్టుకు తిరుగుతారు," అని మెచ్చుకున్నాడు వేదవ్యాస్.

దిండు బేస్ డ్రమ్ కడుపులోకి వెళ్ళింది. బొంత మిగతా డ్రమ్ముల మీద పరుచుకుంది. ఇప్పుడు కొడితే తడిబట్ట ఉతికినట్టు దబ్బుమంటోంది, అంతే.

"అన్నా, నా డ్రమ్ము గొంతు నొక్కేశాం," అన్నాడు శాలేమురాజు, ఏడుపొక్కటే తక్కువ.

"నోర్ముయ్, ఆయన మొహం చూడు. వాయించు."

పాట మొదటి నుంచి చివరిదాకా వాయించాడు. ఆయన కళ్ళు మూసుకుని, తల వాల్చేశాడు. మెల్లగా నోరు కూడా తెరుచుకుంది.

"ఎంత లీనమైపోయారో!" అని పొంగిపోయాడు వేదవ్యాస్. టైము కలిసొచ్చి పైన దంచుడు కూడా ఆగిపోయింది.

పాట అయ్యాక పిలిస్తే ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఇదీ వాయింపంటే! ఇలాగే ఉంచు బాబూ. మార్చావంటే ఊరుకోను."

"మరి పాటలన్నిటికీ నేనేనా సార్?"

"నువ్వే. ఎన్ని పాటలైనా వాయించుకో. నాకేం అభ్యంతరం లేదు."

శాలేమురాజు కళ్ళు చెమర్చాయి. ఆయన చేతులు రెండూ పట్టుకుని వదల్లేకపోయాడు. డ్రమ్ము మీద బెంగంతా ఆ ఆనందంలో కొట్టుకుపోయింది.

"దిండు, బొంత మర్చిపోతున్నారు సార్."

"ఉండనివ్వండి. అవి అక్కడుంటేనే నాకు హాయి."

కారు దాకా సాగనంపుదామని ఇద్దరూ వెంట నడిచారు. వరండాలో వేదవ్యాస్ ఫోను ఆన్ చేశాడు. టింగుటింగుమంటూ మెసేజీలు వచ్చి పడ్డాయి. అవి చూసేలోపే, ఆయన వీధిలోకి వెళ్ళకుండా పక్కనున్న మెట్లెక్కుతూ పైకి కేకేశాడు.

"హైమా, ఇక రోకలి లోపల పెట్టెయ్!"