అమ్మోరిని తిట్టినవాడు

“కేసు వెనక్కి తీసుకుంటావా లేదా తిప్పయ్యా?”

బుద్ధెరిగినప్పటి నుంచి ‘మామా’ అని పిలిచిన మనిషిని జయరాజు ఆ రోజు పేరు పెట్టి పిలిచాడు. గొర్రెల దొడ్డి ముందు కూర్చున్న ముసలాయన తలెత్తలేదు. కుంటుతున్న పిల్ల గిట్టలోంచి ముల్లు తీస్తున్నాడు.

“తీసుకోను.”

“అమ్మోరిని తిట్టమని మా గుడిసె ముందరికొచ్చి మా నాయన్ని బతిమాలింది నువ్వు కాదా?”

“నేనే.”

“మళ్ల కేసెట్ల పెడతివి? నీది నోరా, ఇంకేమన్నానా?”

“ఎండెక్కుతాంది. పో రాజూ.”

జయరాజుకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన చేతిలో గొర్రెపిల్ల లేకపోతే ఏం చేసేవాడో అతనికే తెలియదు.

ఆ ఊళ్లో అదొక ఆచారం. వానలు ముఖం చాటేస్తే తరతరాలుగా అమ్మవారి కొలువు చేసే ఆసాది ఇంటివాడొకడు మారెమ్మ రాయి ఎదుట నిలబడి, డప్పు కొడుతూ అమ్మవారిని నోటికొచ్చినట్టు తిట్టాలి. బిడ్డల్ని పస్తు పెట్టే తల్లివి నువ్వూ ఒక తల్లివేనా అని నిలదీయాలి. రోషం వచ్చి ఆ తల్లి వాన కురిపిస్తుందని నమ్మకం. జయరాజు తాత తిట్టేవాడు. తండ్రి యేసన్న మాత్రం పెళ్లినాటికే చర్చిలో చేరాడు. డప్పు అటకెక్కింది.

వరసగా మూడో ఏడూ వేరుశనగ చేలోనే మాడిపోయేసరికి ఊరి పెద్దలు తిప్పయ్యను ముందు పెట్టుకుని వచ్చారు. “మీ దేవుడేమీ అనుకోడులేప్పా, మా కోసం ఒక్కతూరి తిట్టు” అన్నారు. యేసన్న తన ప్రార్థన తాను చేసుకుని వెళ్లి, వాళ్ల నాయన తిట్టినట్టే తిట్టాడు. ఊరంతా చేతులు జోడించి విన్నది. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

వాన రాలేదు. మాట మాత్రం నాలుగు రోజుల్లో టౌనుకు చేరింది. ‘కిరస్తానీవాడు అమ్మవారిని బూతులు తిట్టాడు’ అని చేరింది. ఎవరు తిట్టమన్నారో చేరలేదు.

జయరాజు అప్పుడు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడుతున్నాడు. జరిగింది భార్య అంజలి చెప్పింది. లారీ నిండా కుర్రాళ్లు కర్రలూ పెట్రోలు డబ్బాలూ వేసుకుని బయలుదేరారని మధ్యాహ్నం కబురొచ్చింది. యేసన్న ఎస్టీడీ బూతుకు పరుగెత్తి, కాపాడమని స్టేషనుకు ఫోను చేశాడు. జీపులో డీజిలు లేదన్నారు. కాసేపటికి అదే బూతు నుంచి తిప్పయ్య ఫోను చేసి, అమ్మోరిని తిట్టినవాడు ఇక్కడే ఉన్నాడు, పట్టుకుపొమ్మన్నాడు. అరగంటలో జీపు వచ్చింది. బానెట్టు మీద కాగితం పెడితే తిప్పయ్య వేలిముద్ర వేశాడు. దారిలో ఎదురైన లారీ, జీపులో యేసన్నను చూసి జై కొట్టి వెనక్కి తిరిగింది.

“మన పానాలకు లేని డీజిలు వాని ఫిర్యాదుకు యాడ నుంచి వచ్చె?” అని జయరాజు ఊళ్లో దిగుతూనే అరిచిన అరుపు వీధంతా విన్నది. ఎవరూ బయటికి రాలేదు. తిట్టమని మేమే అడిగామని కోర్టులో ఒక్క మాట చెప్పండని ఇంటింటికీ తిరిగితే, “కోర్టులంటే మాకెందుకప్పా” అన్నారు. చేతులు జోడించి విన్నవాళ్లే.

నలభై రోజులైంది. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. “ఫిర్యాదు చేసినోడే కోర్టులో నాకేం తెలీదు అంటే మీ నాయన ఇంటికొస్తాడు. లేకపోతే ఎన్నేళ్లో నేను చెప్పలేను” అన్నాడు వకీలు. అందుకే ఇవాళ పొద్దున తిప్పయ్య దగ్గరికి వెళ్లాడు. తీసుకోనన్న ఆ ఒక్క మాట పట్టుకుని, అంజలి కట్టిచ్చిన సంగటి గిన్నెతో నేరుగా బస్సెక్కి సబ్‌జైలుకు వచ్చాడు జయరాజు.

లోపలున్నవాళ్లతో ఎవరు ఏం మాట్లాడినా పక్కనే నిలబడి వినాలి వార్డరు రామాంజులు. ఇన్నాళ్లూ అడుగు కదల్లేదు. ఇవాళ జయరాజు ముఖం చూసి, సంగటి గిన్నె మూత తీసి చూడకుండానే లోపలికి అందించాడు.

“రెండు నిమిషాలు బీడీ తాగొస్తాప్పా” అని గేటు అవతలికి వెళ్లాడు.

ఆయనకు బీడీ అలవాటు లేదు.

యేసన్న బాగా చిక్కిపోయాడు. దగ్గు తగ్గలేదు. గిన్నె పక్కన పెట్టి, “ఎవరితో కొట్లాడి వస్తాండావు?” అన్నాడు.

“తిప్పయ్యతో. తీసుకోడంట. రేపు పొద్దున్నే పోయి వాని కాళ్లిరగ్గొడతా. ఆపొద్దు నన్ను.”

“ఆ లారీ పిలగాళ్లు ఇంకా తిరగతాండారా?”

“దినామూ మనూరి బస్టాండులోనే కూసోనుంటారు. నువ్వెప్పుడు బయటికొస్తావని అంజలినే అడిగినారంట.”

“అట్లయితే నేను ఈడనే ఉంటా.”

“నాయనా! నిన్ను ఈడికి తోలినోడు ఊళ్లో గొర్రెలు మేపుకుంటాంటే నువ్వు...”

యేసన్న ఊచల సందులోంచి చెయ్యి చాపి కొడుకు నోరు మూశాడు. గేటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“వానితో ఆ ఫోను చేయించింది నేనేరా.”