టికెట్ అడగని ప్రయాణం

"ఎవరైనా వచ్చి దించేస్తారేమోనండీ," అంది ఆమె, కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చుని.

"నడిసముద్రంలో ఎక్కడ దించుతారే? వెనక్కి జరిగి కూర్చో," అన్నాడు భర్త. ఆ ఓడలో భోజనాల హాలు చూసుకునే స్టూవర్డ్ అతను.

ఆమె నవ్వబోయింది. నవ్వు కాస్తా దగ్గయింది. అతను వీపు రాస్తూ నిలబడ్డాడు.

ఊపిరితిత్తులు ఇక ఎంతోకాలం పనిచెయ్యవని డాక్టర్ చెప్పేశాడు. అప్పుడు ఆమె కోరింది ఒక్కటే. పెళ్లయిన నాటి నుంచీ భర్త తుడుస్తున్న ఆ హాల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర, ఒక్క పూట ప్రయాణికురాలిలా కూర్చుని తినాలి.

టికెట్ కొనడం వాళ్ల తరం కాదు. సిబ్బంది ఇంటివాళ్లను ఊరికే ఎక్కనివ్వరు. సెలవులకి వచ్చినప్పుడల్లా అతను డబ్బు కట్టకుండా ఓడెక్కినవాళ్ల కథలు చెప్పేవాడు. ఖాళీ వయొలిన్ పెట్టెతో వాద్యబృందం వెనకాలే ఎక్కేసినవాడు, ఏదీ ఓ పాట వాయించమనగానే నీళ్లు నమిలాడట. వీడ్కోలు చెప్పడానికొచ్చి లైఫ్‌బోటులో దాక్కున్నవాణ్ణి వాడి గురకే పట్టించిందట. ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది.

"మరి నన్నెలా ఎక్కిస్తారు?" అనేది.

చివరికి అతను కెప్టెన్‌ని కాళ్లావేళ్లా పడి బతిమాలాడు.

"తీసుకురా పెద్దాయనా. ఈసారి టికెట్ అడిగేవాళ్లెవరూ లేరు," అన్నాడు కెప్టెన్, మొహం తిప్పుకుని.

ఎక్కేటప్పుడు ఒకతను తాళ్లకు వేలాడుతూ ఓడ పేరు మీద నల్లరంగు పూస్తున్నాడు.

"పేరు మారుస్తున్నారా?" అని భర్తనడిగింది ఆమె.

"ఆఁ, అలాంటిదే."

ఈతకొలనులో నీళ్లు లేవు. కడగడానికి తీశారన్నాడు. జనం ఏరంటే, ఇది సీజన్ కాదన్నాడు. హాల్లో సగం దీపాలు వెలగలేదు.

"నీ కళ్లకి వెలుగు పడదు కదా, నేనే ఆపించా."

"అబ్బో, ఓడంతా మీ చెప్పుచేతల్లోనే ఉన్నట్టుంది!"

వంటవాడు ఉతికిన తెల్లకోటు తొడుక్కుని, తనే పళ్లెం పట్టుకొచ్చాడు.

"ఉప్పు తక్కువైతే చెప్పండమ్మా, మీ ఆయన్ని సముద్రంలోకి తోసేద్దాం."

"వద్దు నాయనా, ఇంట్లో గిన్నెలెవరు తోముతారు?"

ఇంజన్ గదిలో పనిచేసేవాళ్లు జిడ్డు చేతులు కడుక్కుని, తలలు దువ్వుకుని వచ్చి, చుట్టుపక్కల బల్లల దగ్గర ప్రయాణికుల్లా కూర్చున్నారు. అలా చెయ్యమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

కెప్టెన్ కూడా వచ్చి పలకరించాడు. "కుర్చీ నచ్చిందా అమ్మా? దిగేటప్పుడు ఇంటికి పట్టుకెళ్లండి."

ఆమె హడలిపోయింది. "అమ్మో! మీ ఉద్యోగం పోతుంది బాబూ!"

వంటవాడు గబగబా నీళ్ల గ్లాసు నింపాడు, అది నిండుగానే ఉన్నా.

ఆ రెండు ముద్దలూ ఆమె ఎంత సేపు తిన్నదో. పొద్దు గుంకేదాకా కిటికీ వదల్లేదు.

తెల్లవారాక మళ్లీ అక్కడే కూర్చోబెట్టమంది. కూర్చోబెట్టాడు. కాసేపటికి మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది. అందరూ ఏదో ఒకటి గట్టిగా పట్టుకోమంటున్నాడు.

"రేవొచ్చిందాండీ?"

"వచ్చింది."

"మరి వేగం తగ్గాలి కదా, పెరుగుతోందేం?"

అతను కుర్చీ వెనక్కి వచ్చి, రెండు చేతులూ చుట్టి ఆమెను బిగించి పట్టుకున్నాడు.

రేవన్నదే లేని ఆ ఒడ్డు మీద, సగం సగం కోసేసిన పాత ఓడల మధ్య గ్యాస్ కట్టర్లు పట్టుకుని ఎదురుచూస్తున్న కూలీల వైపు, కెప్టెన్ తన ఓడను ఉన్న వేగమంతా పెట్టి తిన్నగా ఇసుకలోకి ఎక్కించేశాడు.