ఇద్దరి ఊపిరి

"ముందు ఊపిరంతా వదిలెయ్. ఇప్పుడు మందు గొట్టం నొక్కుతూ మెల్లగా, లోతుగా లాగు. లోపలే పట్టి ఉంచు," అంటూ రత్నాలు మొగుడి ఎదురుగా నిలబడింది.

సోంబరు లాగాడు. కాసేపు బిగబట్టి వదిలాడు. "ఇప్పుడు నువ్వు," అన్నాడు.

రత్నాలు తన మందు పీల్చి, నోరు పుక్కిలించి ఉమ్మి, చెంబు అతనికి అందించింది. ముంచింగిపుట్టు పైకొండ మీద వాళ్ళింట్లో ఏడాదిగా తెల్లారేది ఇలాగే.

మొదట ఉబ్బసం వచ్చింది రత్నాలుకి. చలికి పొయ్యి పొగ తోడైతే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఆస్పత్రి నర్సు కనక రెండు గొట్టాలిచ్చింది. నీలంది ఆయాసం వచ్చినప్పుడు పీల్చాలి, బిగుసుకున్న ఊపిరి దారుల్ని వెంటనే వదులు చేస్తుంది. రెండోది లోపలి వాపును మెల్లగా తగ్గిస్తుంది, బాగున్న రోజుల్లో కూడా మానకూడదు. రత్నాలు ఆ రెండోదాన్నే అటక మీద పడేసింది. ఒంట్లో బాగున్నప్పుడు మందేటని ఆమె వాదం. ఆ చలికాలం ఊపిరందక పెదాలు నల్లబడ్డాయి. సోంబరు ఆమెను జీపు దారి దాకా వీపున మోసుకెళ్ళాడు. బతికి ఇంటికొచ్చింది. నాలుగు రోజులు పీల్చి మళ్ళీ మానేసింది. అతను బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. ఆమె వినలేదు.

ఒకరోజు సోంబరు ఒక్కడే ఆస్పత్రికి వెళ్ళి, తనకీ అదే జబ్బట అంటూ చేతిలో గొట్టంతో తిరిగొచ్చాడు. గోడకు చేరబడి కూర్చున్నాడు.

"నాకు బయ్యంగుంది. నువ్వు పీలిస్తేనే నేనూ పీలుస్తాను," అన్నాడు.

తన ప్రాణాన్ని లెక్కచెయ్యని రత్నాలు ఆ సాయంత్రమే అటకెక్కి, పడేసిన గొట్టాన్ని దించింది. అప్పట్నుంచి సంతకు వెళ్ళినా, చుట్టాలింటికి వెళ్ళినా ఇద్దరి గొట్టాలూ ఆమె కొంగున ఉండాల్సిందే.

ఈ ఏడు కాఫీ పళ్ళ కోతకి రత్నాలు ఎక్కడా ఆగకుండా వాలు ఎక్కింది. కోతలయ్యాక ఇద్దరూ మందు కోసం ఆస్పత్రికి వెళ్ళారు. రత్నాలు కనక చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నా సంగతెలాగున్నా పర్లేదు. మావోడి మందు మాత్రం ఆపకండి. ఆడి ఊపిరి నిలబడితే నాకదే సాలు."

ఆమె వెనక నిలబడ్డ సోంబరు, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కనక నవ్వు ఆపుకుని, ఇద్దరూ ఒక్క పూట కూడా మానొద్దని చెప్పి పంపింది.

సోంబరుకి ఉబ్బసమూ లేదు, అతని గొట్టంలో మందూ లేదు.