తొంభైతొమ్మిది శాతం

“నూట డెబ్బైమూడు డోసులు ఏమైపోయాయి?”

టీకాల అధికారిణి ఫ్రిజ్ తలుపు దఢాలున వేసింది. లోపల గాజుసీసాలు గలగలమన్నాయి. నర్సు మాత్రం బెదరలేదు. చంటిపిల్లాడి తొడ మీద దూది ఒత్తిపట్టి, వాడి ఏడుపు కాస్త సద్దుమణిగాక తల్లి చేతికిచ్చింది. ఆమెని ఆ చుట్టుపక్కల అందరూ సూదక్క అంటారు.

“కూర్చోండి మేడమ్, చెప్తాను.”

“కూర్చోడానికి రాలేదు. మూడు నెలల్లో న్యుమోనియా టీకా నాలుగొందల ఇరవై డోసులు వాడారు. కంప్యూటర్లో ఎక్కించినవి రెండొందల నలభైయేడు. మిగతావి ఎవరికమ్ముకున్నారు?”

అధికారిణి సంచిలోంచి ఒక పటం తీసి బల్ల మీద పరిచింది. ఏ ప్రాంతంలో ఎంతమంది పిల్లలకి టీకా పడిందో రంగుల్లో చూపించే పటం అది. వంతెన అవతలి ప్రాంతం పచ్చగా ఉంది, తొంభైతొమ్మిది శాతం. ఇవతల, అంటే సూదక్క పనిచేసే ప్రాంతం, ఎర్రగా ఉంది. అరవైయొకటి.

“మధ్యలో ఉన్నది ఒక్క వంతెన. అటు డాక్టరు ఒక్క బిడ్డని కూడా వదల్లేదు. ఇటు మీరు పదిమందిలో నలుగుర్ని గాలికొదిలేశారు. పైగా మందు మాయం!”

“మాయం కాలేదు మేడమ్. పిల్లల ఒంట్లోనే ఉంది.”

సూదక్క సొరుగు లాగి, అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి బయటికి తీసింది. తేదీ, బిడ్డ వయసు, తల్లి ఫోన్ నంబరు. పేజీలకి పేజీలు.

“వీళ్లంతా అవతలి ఒడ్డు పిల్లలు. అక్కడ టీకా కార్డు మీద టిక్కు పడుతుంది, ఒంటి మీద సూది పడదు. నేను ఎక్కించబోతే ఈ బిడ్డకి ఎప్పుడో వేసేశారంటుంది కంప్యూటరు. అందుకే ఇందులో రాసుకుంటున్నా. నాకొచ్చే మందు రెండు ఒడ్లకీ పంచితే మా పిల్లలకి చాలడం లేదు. ఆ అరవైయొకటి అందుకే.”

“వినడానికి బాగానే ఉంది.”

“మొదట్లో నేనూ నమ్మలేదు మేడమ్. ఒకమ్మాయి బిడ్డనెత్తుకుని పరుగెత్తుకొచ్చింది. ఊపిరి అందక డొక్కలు లోపలికి పోతున్నాయి. కార్డు చూస్తే మూడు డోసులూ పూర్తి. ‘ఒక్క సూది కూడా వేయలేదక్కా’ అని ఆ పిల్ల మొత్తుకుంది. ఆటో వచ్చేలోపే...” సూదక్క దూది ముక్కని వేళ్లతో నలిపింది. “ఆ తర్వాత ఎవరొచ్చినా కాదనలేకపోయాను.”

అధికారిణి మొహంలో రంగు మారింది. అయినా పట్టు సడలించలేదు. అక్కడికక్కడే అవతలి ఒడ్డు డాక్టరుకి ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా పెట్టింది.

“ఆవిడ మాటలు మీరు నమ్ముతున్నారా మేడమ్?” డాక్టరు నవ్వాడు. “తన చేతకానితనం తెచ్చి నా నెత్తిన రుద్దుతోంది. మా కార్డులు చూడండి, రిజిస్టర్లు చూడండి. ఎక్కడైనా ఒక్క ఖాళీ కనిపిస్తే అప్పుడడగండి.”

ఫోన్ పెట్టేసి అధికారిణి కాగితం తీసింది. సస్పెన్షన్ ఉత్తర్వు. పెన్ను క్యాప్ తీసింది.

“రాయండి మేడమ్,” అంది సూదక్క. “బయట తొమ్మిదిమంది పిల్లలున్నారు. వాళ్లకి వేసేసి సంతకం పెడతాను. అరగంట చాలు.”

పెన్ను కాగితం దాకా వెళ్లి ఆగింది. “ఈ నోటుపుస్తకం ఎవరైనా రాయొచ్చు. మనిషన్నవాళ్లు ఒక్కరైనా నా ఎదురుగా చెప్పాలి.”

“మీరే అడగండి. నేను నోరు మెదపను.”

వరసలో ముందున్న అమ్మాయి లోపలికొచ్చింది. భుజం మీద మూడు నెలల పాప. మెడ ఇంకా సరిగ్గా నిలబడలేదు. అధికారిణే చెయ్యి చాచి కార్డు తీసుకుంది. చిరునామా వంతెన అవతలిది. న్యుమోనియా గడిలో మూడు టిక్కులు. మూడో టిక్కు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. అది తొమ్మిదో నెలలో వేయాల్సిన డోసు. పోయినవారమే వేసినట్టు తేదీ కూడా ఉంది.

అయినా గొంతు సవరించుకుని అంది, “అన్నీ వేసేశారు కదమ్మా. ఇంక వేయం. వెళ్లు.”

ఆ అమ్మాయి పాపని గట్టిగా హత్తుకుంది. “అయ్యో, అలా అనకండి! దీనికి ఒక్కటి కూడా పడలేదు.”

“కార్డులో ఉందిగా?”

“అవి ఉత్తుత్తి టిక్కులండీ. అక్కడ ఫ్రిజ్ చెడిపోయి మందంతా పాడైపోయింది. పైన అధికారిణి ఎవరో ఉన్నారట, తొంభై శాతం దాటకపోతే ప్రాణాలు తీస్తుందట. ఆవిడకి భయపడి అందరి కార్డుల్లోనూ రాసేశారు.”

అధికారిణి చేతిలోంచి పెన్ను జారింది. తీసుకోవాలని కూడా తోచలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ సూదక్క తల వంచుకుంది.

“ఇంత లోపలి సంగతి...” అధికారిణి కార్డు మళ్లీ చూసింది. “నీకెలా తెలిసిందమ్మా?”

ఆ అమ్మాయి గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

“టిక్కులు పెట్టింది మా ఆయనేనండీ, అక్కడి డాక్టరు. ‘మన పాపకి మాత్రం అసలైన సూదే పడాలి, వంతెన దాటి సూదక్క దగ్గరికి తీసుకెళ్లు’ అని ఆయనే పంపించారు.”