మునగనివ్వని సూటు

బావిలో పడ్డ మోటరును తీయడానికి కాటమయ్య కొత్త డైవింగ్ సూటుతో మునిగాడు. ఎండిన సొరకాయ బుర్రలా పైకి తేలాడు. మళ్లీ మునిగాడు, మళ్లీ తేలాడు.

"గిదేం సూటురా నరేశ్? కిందికి పోనిస్తలేదు," అన్నాడు గట్టుమీది తమ్ముడితో.

"చెట్టుపాల రబ్బరన్నా. చలి పెట్టది, భూమి గూడ ఖరాబు గాదు."

"భూమి సంగతి తర్వాత. మోటరు కిందున్నది, నేను మీదున్న. బర్రెనమ్మి తెస్తిమి గదరా. వాపసు పంపు."

ఆయన మునిగిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి నీళ్లకేసి చూడటం భార్య శ్యామలమ్మకు అలవాటు. ఇవాళ ఆమె తీరిగ్గా వక్క నములుతోంది.

"వాపసు వద్దు నరేశ్," అంది. "బాయిల దిగినంక మీ అన్న మొఖం కనవడుడు గిదే మొదలు. ఇంకో బర్రెనమ్మి మోటరుకు సుత గిసొంటిదే తొడుగున్రి."