గీత దాటని రోబో

"కదలదేంది? నొక్కు చందనా, ఇంకోతూరి నొక్కు!"

సాల్మన్ రాజు సారు కేకకు హాల్లో అందరూ ఇటు తిరిగినారు. ప్రొద్దుటూరులో బడిపిల్లల రోబో పోటీలవి. పిల్లలు రాసిన ప్రోగ్రాం ప్రకారం రోబో నాపరాళ్ల నేల మీద తనంతట తానే నడవాలి. అడ్డంగా పెట్టిన ఇటుకలు తప్పించుకోవాలి. చివర సున్నంతో గీసిన తెల్లగీత దాటాలి. వేముల పక్క పల్లెబడి నుంచి వచ్చిన ఈ చిన్న బండి ఇటుకలన్నీ భలేగా తప్పించుకునింది. తీరా గీత అంచుకొచ్చి టక్కున నిలబడిపోయింది. చందన మళ్లీ బటన్ నొక్కింది. ఊహూఁ!

సారు గబగబా బండి దగ్గరికి పోయినాడు. గెలిస్తే పోటీవాళ్లు ఇచ్చిన ఈ రోబో బడికే ఉండిపోతుంది. ఓడితే ఈ సాయంత్రమే తిరిగి ఇచ్చేయాలి. కంప్యూటరు పాఠమంటే ఆమడదూరం పరిగెత్తే పిల్లోళ్లు, ఈ బండి వచ్చినప్పటి నుంచి బడి వదిలినా ఇండ్లకు పోవడం లేదు. రేపు వాళ్లకు ఏ మొగం చూపించేది?

"శుక్రవారం మన బడిలో గీత ఎంత బాగా దాటింది! తర్వాత మీ ఇంట్లోనే కదమ్మా ఉండింది. ఎవరన్నా ముట్టుకున్నారా?"

"బయటోళ్లు ఎవరూ ముట్టుకోలే సార్. నేనే వాకిట్లో నడిపిస్తా ఉంటి," అంది చందన. అని తల దించుకుంది.

జట్టులో రెండో పిల్ల మహమూదా సారు చెయ్యి పట్టి లాగింది. "సార్, టీ తాగేటప్పుడు జమ్మలమడుగు సారు మన బండిని వాళ్ల ల్యాప్‌టాప్ దగ్గర చేతిలోకి తీసుకోని తిప్పి తిప్పి చూసినాడు!"

ఇంకేముంది! జమ్మలమడుగు జట్టును తెచ్చిన ఆ వివేక్ సారు మీద పొద్దున్నుంచీ అనుమానమే. రాగానే "అన్నా, మీ బండి శానా బాగుందే" అన్నాడు. పోటీకి వచ్చినోడు పక్కోడి బండిని ఊరికే మెచ్చుకుంటాడా? సాల్మన్ రాజు విసవిసా అతని దగ్గరికి పోయినాడు.

"ఏమప్పా, మా బండిని ఏం చేసినావు?"

"నేనా? చక్రాలు చూసినా, అంతే అన్నా."

"చక్రాలు చూసేదానికి అంతసేపా? పల్లె పిల్లోళ్ల నోట్లో మట్టి కొడతావా? సిగ్గుందా నీకు?"

"మాటలు జాగ్రత్తన్నా! ఊరికే నిందలేయాకు!"

గొడవ ముదిరి, పోటీ నడిపే నిర్మలమ్మ మేడం లేచి వచ్చింది. రోబోను ల్యాప్‌టాప్‌కు తగిలించి ప్రోగ్రాం అంతా చదివింది. ఒకచోట ఆగింది.

"కింద తెల్లరంగు కనబడితే ఆగిపొమ్మని ఉంది ఇందులో. మీరే రాయించినారా?"

"గీత దాటాల్సిన పోటీకి అట్ల రాయిస్తానా మేడం? చూసినారు కదా! నా అనుమానం నిజమైంది!"

వివేక్ మొగం పాలిపోయింది. దొంగ దొరికినాడని సాల్మన్ రాజుకు గట్టి నమ్మకం కుదిరింది.

"బయటివాళ్లు మార్చి ఉంటే వాళ్ల జట్టును తీసేసి, మీకు మళ్లీ అవకాశమిస్తాం. మీ పిల్లలే రాసుంటే మాత్రం ఇంతే. రోబో ఇక్కడ పెట్టేసి పోవాల," అంది మేడం.

సారు వంగి చందన చెవిలో అన్నాడు. "భయపడాకు తల్లీ. నీకు తెలీకుండా ఎవరో రాసినారని చెప్పు. మన బండి మనకే ఉంటాది."

చందన బండి వైపు చూసింది. మాటపడి నిలబడిన వివేక్ సారును చూసింది. కండ్ల నిండా నీళ్లు తిరిగినాయి.

"నేనే రాసినా మేడం, మా అవ్వేసిన ముగ్గు తొక్కుతాండాదని."